వెండిరంగు కింద వెల్డింగు

అమ్మన్న నోట్లోంచి వచ్చిన ఎలుగుబంట్లన్నీ నిజంగా అడవిలో ఉండి ఉంటే, బిలాస్‌పూర్ నుంచి కట్నీ దాకా ఒక్క రైలూ నడిచేది కాదు. మొదట్లో, భన్వర్‌టోంక్ సొరంగం దగ్గర ఇంజను మెట్టు మీదికెక్కి కూర్చున్నది ఒక్క ఎలుగుబంటే. అయిదేళ్లు తిరిగేసరికి దానికి పెళ్లయింది. అమ్మన్న రిటైరయ్యే నాటికి పిల్లలు కూడా పుట్టి, అవి టర్బో దగ్గర వెచ్చగా ఉంటుందని ఇంజను లోపలికి దూరడం మొదలుపెట్టాయి.

కథ మాత్రం ఒక్కటే. గూడ్సుబండి కొండదారిలో ఘాటు ఎక్కుతుంటే టర్బో దగ్గర పొగపైపు జాయింటు ఊడిపోయింది. పొగకి డ్రైవరు కళ్లు తిరిగి పడ్డాడు. ఫిట్టరు అమ్మన్న నెయ్యి డబ్బా రేకు కత్తిరించి, దాన్నే జాయింటు మధ్య గాస్కెట్‌గా వేసి, ఎలుగుబంటి చూస్తూ ఉండగా జాయింటు బిగించి, యాభై ఎనిమిది వ్యాగన్లని అనూప్‌పూర్ చేర్చాడు. రైల్వే కాలనీలో తెలుగువాళ్ల పెళ్లి అయినా, పెద్దకర్మ అయినా, ఆకుల ముందు కూర్చున్నాక ఈ కథ వడ్డించకుండా పెరుగు వడ్డించేవాళ్లు కారు.

ఆ కథని పూర్తిగా నమ్మిన మనిషి ప్రసూన. అమ్మన్న చెల్లెలి కూతురు. మావయ్య చెయ్యి పడితే చచ్చిన ఇంజను కూడా లేచి కూర్చుంటుందని ఆ పిల్ల నమ్మకం.

సెప్టెంబరు పదిహేడున, పొద్దున్న పది గంటలు దాటాక, ఆ నమ్మకమే అమ్మన్న గొంతుకి ఉరితాడై బిగుసుకుంది.

ఉస్లాపూర్ అవతల, రేకుల షెడ్డులో, ప్రసూన కోడిగుడ్లు పొదిగించే మూడు మిషన్లు పెట్టింది. ఒక్కో మిషన్లో రెండువేల దేశవాళీ గుడ్లు. ఇరవయ్యో రోజు. రేపటికి పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికి రావాలి. ఎల్లుండి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు బుట్టలు తెచ్చుకుని వచ్చి పట్టుకెళ్లాలి. మొదటి విడత వోల్టేజీ దెబ్బకి పోయింది. రెండో విడత గుడ్లే మురిగినవి. "మూడోసారి కూడా పోతే ఈ షెడ్డుకి తాళం వేసీడమే మావయ్యా, ఇంక నన్నెవులూ నమ్మరు," అని నెల్లాళ్లుగా అంటూనే ఉంది.

రాత్రి గాలివానకి వదులైన కరెంటు తీగలు పొద్దున్న ఎనిమిదిన్నరకి తెగాయి. సాయంత్రం దాకా రాదన్నారు. అందుకోసమేగా జనరేటరు ఉన్నది! సీపత్‌లో పని ముగించుకుని వెళ్లిపోయిన ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్న పాత జనరేటరు; ఆరు సిలిండర్లు, టర్బో ఉన్న డీజిలు ఇంజను. గంటన్నర బాగానే లాగింది. ఆ తర్వాత ఠప్‌మని ఒక చప్పుడు, దాని వెనకే బుస్సుమని పాము బుస. ఇంజను గొంతు పడిపోయింది. మిషన్ల ఫ్యాన్లు ముసలి ఎద్దుల్లా కాళ్లీడ్చాయి. జనరేటరు గదికీ గుడ్ల గదికీ మధ్య ఒకటే గోడ. పైన కిటికీ. ఆ కిటికీలోంచి నల్లటి పొగ గుడ్ల గదిలోకి దిగడం మొదలైంది.

"ఆపీ! ఆపీ మావయ్యా! పొగకి పిల్లలు చచ్చిపోతాయి!"

అమ్మన్న ఇంజను ఆపాడు. ఆపితే పొగ ఆగింది. ఫ్యాన్లూ ఆగాయి.

టర్బో అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఇంజను వదిలిన వేడి ఊపిరితో ఒక చక్రం తిరుగుతుంది. ఆ చక్రం బయటి గాలిని తెచ్చి ఇంజను నోట్లో కుక్కుతుంది. అంటే ఇంజను తను విడిచిన ఊపిరితోనే మళ్లీ ఊపిరి పీలుస్తుందన్నమాట. ఆ ఊపిరి దారిలో, ఏ జాయింటు దగ్గరైనా చిల్లు పడిందా, ఇటు గదంతా పొగ, అటు ఇంజనుకి ఆయాసం. బరువు లాగలేదు.

ఆ చిల్లు ఎందుకు పడిందో అమ్మన్నకి తెలుసు.

ప్రసూన ఈలోగా ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. భర్త నాగేంద్ర గూడ్సు తీసుకుని ఝార్సుగూడ వైపు వెళ్లాడు. డ్యూటీలో ఫోను ఆపి ఉంటుంది. మెకానిక్కులు ఒక్కరూ రానన్నారు. ఇవాళ విశ్వకర్మ పూజ. బిలాస్‌పూర్‌లో పానా పట్టి బతికే ప్రతివాడూ తన పనిముట్లకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి ముందు పడుకోబెట్టే రోజు. మళ్లీ రేపు పొద్దున్న దాకా వాటిని ముట్టడు. అద్దె జనరేటర్లన్నీ పూజ పందిళ్లలో మైకులకి పోయాయి.

"ఏం భయం లేదులే. నువ్వున్నావు గదా," అంది ప్రసూన, అరచేత్తో కళ్లు తుడుచుకుని. "ఆ ఘాటులో అయితే బండి నడస్తంది. ఇదేటి, నిలబడే ఉంది. వేగిరం చేసీ మావయ్యా. పెట్టెలో పానాలున్నాయి."

అమ్మన్న జనరేటరు గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. పొగపైపు వెండిరంగులో తళతళ మెరుస్తోంది. ఆ రంగు వేసింది తనే. ముందు ఏ నట్టు ఊడదీయాలో కూడా ఆయనకి తెలీదు.

గోడకి అవతల చిన్నతల్లి గొంతు. షెడ్డులో పనిచేసే మనిషి. "అమ్మా, గుడ్లు వేడెక్కిపోతన్నాయి, చెయ్యి పెట్టి సూడు!" ఇరవయ్యో రోజు గుడ్డుకి బయటి వేడి అక్కర్లేదు. లోపలి పిల్ల వేడే దానికి ఎక్కువ. గాలి తగలకపోతే పెంకులోనే ఉడికిపోతుంది.

అమ్మన్న బయటికి వచ్చి స్కూటరు తీశాడు.

"ఎక్కడికి?" ప్రసూన అరిచింది.

"సామాను తేవాలి. గంటలో వస్తాను. తలుపులన్నీ తీసీ, అట్టముక్కల్తో విసరండి. చెయ్యి ఆపొద్దు!"

స్కూటరు ఎక్కాక గానీ తను ఎక్కడికి వెళ్తున్నాడో ఒప్పుకోలేదు. బంగార్రాజు ఇంటికి. ఏడేళ్లుగా తను పక్క సందులోంచి తప్పుకు తిరుగుతున్న ఇంటికి.

అమ్మన్నదీ బంగార్రాజుదీ ఒకే రైలింజన్ల షెడ్డు. సర్వీసంతా రాయపూర్ వైపు, కాపురాలు బిలాస్‌పూర్‌లో. ఆ షెడ్డు మనుషులు ఇప్పుడు ఈ కాలనీలో వాళ్లిద్దరే. మిగతావాళ్లు కొందరు సిక్కోలు వెళ్లిపోయారు, కొందరు ఇంకా పైకి వెళ్లిపోయారు. టర్బో సెక్షనులో ఫిట్టరు బంగార్రాజు. భన్వర్‌టోంక్ ఘాటులో నెయ్యి డబ్బా రేకు కత్తిరించిందీ బంగార్రాజే. ఏడేళ్ల కిందట ఒక సీమంతంలో, తన కథ అమ్మన్న నోట్లోంచి వింటూ పులిహోర ముద్ద చేతిలోనే ఉంచుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ రోజునుంచి మాటల్లేవు. అయితే ఒక్కడితో కూడా "అది నా కథ" అని చెప్పలేదు. అబద్ధం చెప్పినవాడు సిగ్గుపడాలి గానీ తనకేం అవసరమని ఆ మనిషి పట్టుదల.

బంగార్రాజు వాకిట్లో పూజ అయిపోయి ప్రసాదాలు పెడుతున్నారు. ఎర్రగుడ్డ మీద పానాలు వరసగా, పెద్దది మొదలు చిన్నది దాకా, పసుపూ కుంకుమా పెట్టుకుని పెళ్లివారిలా కూర్చున్నాయి. చుట్టూ పదిమంది దాకా, అందరూ పనిచేతులవాళ్లే.

బంగార్రాజు తలెత్తి చూశాడు. చూసి, భార్య వైపు తిరిగాడు. "అప్పలనర్సమ్మా, గేటు దగ్గర ఎవులో ఉన్నారు. ప్రసాదం పెట్టి పంపించీ."

"అయ్యో, అమ్మన్న అన్నియ్య గదా! ఏటన్నియ్యా, ఆ మొహం అలాగుంది?"

అమ్మన్న చెప్పాడు. గుడ్లూ, పొగా, పరిగెడుతున్న గడియారమూ. వెల్డింగు సంగతి తప్ప అన్నీ చెప్పాడు.

బంగార్రాజు విన్నాడు. మళ్లీ భార్యతోనే అన్నాడు. "టర్బో పైపు పొగ కొడితే ఆయనకేటి కష్టమే? నెయ్యి డబ్బా రేకు వేసి బిగించీమను. ఎలుగుబంటి టార్చి పట్టుకుంటాది."

పదిమందీ గొల్లుమన్నారు.

"బావా, ఆరువేల జీవాలు," అన్నాడు అమ్మన్న. "నీ కాళ్లు పట్టుకుంటాను. పెంకులో ఉడికిపోతన్నాయి."

నవ్వు ఆగిపోయింది. బంగార్రాజు చేతిలోని ప్రసాదం ఆకు కింద పెట్టాడు. ఆ పానాల కేసి చూశాడు.

"అప్పలనర్సమ్మా, ఆయనకి చెప్పు. ఇవాళ నాను పనిముట్టు ముట్టను. మా మేస్త్రీ ఒక్కసారి ఇదే రోజున, అర్జెంటని పెద్దాఫీసరు మాటిని ముట్టాడు. కుడిచేతి వేళ్లు మూడు టర్బో కేసింగులో ఉండిపోయాయి. ఆ వేళ్లు ఏరింది నానే." గొంతు సవరించుకున్నాడు. "నోటికి మాత్రం పసుపు రాయలేదు. వచ్చి చెప్తాను. తిప్పీవోడెవడు? ఇక్కడున్నోళ్లంతా పానా పట్టినోళ్లే గదా."

ఒక్కొక్కరూ తలలు వంచుకున్నారు. ఎలక్ట్రిక్ షెడ్డులో పనిచేసే గిరిబాబు అనే యువకుడు మాత్రం అమ్మన్నని చూసి నోరు తెరిచాడు. "అరే అంకుల్, మీరే చెయ్యండి నా. ఆప్ తో లెజెండ్ హై!"

"నోర్ముయ్ రా," అన్నాడు పక్కనున్న పెద్దాయన. "ఆయనా ఫిట్టరే గదా. మనకి లేని వెసులుబాటు ఆయనకెక్కడిది? పాపం, ఆయన మాత్రం ఇవాళ ఎలా ముడతాడు?"

అదీ మాట! తప్పించుకునే తలుపు దానంతటదే తెరుచుకుంది. "అవును, నానూ ఫిట్టర్నే, నా చేతులూ కట్టుబడి ఉన్నాయి," అంటే చాలు. గుడ్లు పోతాయి, కానీ పరువు పోదు. పైగా కాలనీ అంతా పాపం అంటుంది. ఎలుగుబంటి కథ పక్కన ఇంకో కథ కూడా పుడుతుంది. అమ్మన్న నాలుక చివరిదాకా వచ్చేసింది ఆ మాట. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ, ఆయనకి వెనక పరుపు పరిచి ఉంది. పడుకోవడమే తరువాయి.

ప్రసూన అట్టముక్కతో విసురుతూ ఉంటుంది. ఈపాటికి చేతులు పడిపోయి ఉంటాయి.

"నాను ఫిట్టర్ని కాదు," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఫిట్టర్ని కాదు. పెయింటర్ని. ముప్ఫయి నాలుగేళ్లు ఇంజన్లకి రంగు వేసి, నంబర్లు రాశాను. పానా పట్టుకుని ఎరగను. నా పనిముట్టు కుంచె. దాన్ని పొద్దున్నే దేవుడి దగ్గర పెట్టీసి వచ్చాను. కాబట్టి పానా ముట్టుకుంటే నాకు దోషం లేదు. నాను తిప్పుతాను."

"మరి ఘాటు... భన్వర్‌టోంక్..." గిరిబాబు నసిగాడు.

"అది బంగార్రాజు చేశాడు. నాను ఆ మర్నాడు ఆ ఇంజనుకి మసి కడిగి రంగు వేశాను. అందులో ఎలుగుబంటి ఒక్కటే నాది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేదనిపించింది అమ్మన్నకి.

బంగార్రాజు లేచి లోపలికి వెళ్లాడు. అటక మీంచి చుట్టచుట్టిన గాస్కెట్ షీటు ఒకటి తెచ్చి, చంకలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కున్నాడు. "అప్పలనర్సమ్మా, ఇది సరుకు, పనిముట్టు కాదు. స్కూటరు తియ్యమను."

*

వాళ్లు వెళ్లేసరికి పదకొండూ ఇరవై. షెడ్డులో ప్రసూనా చిన్నతల్లీ చెమటతో ముద్దయి, తెరిచిన మిషన్ల ముందు అట్టముక్కలు విసురుతున్నారు. "మూడోది మరీ వేడిగా ఉంది మావయ్యా! మేమిద్దరమే, మూడు తలుపులు. ఎక్కడికని పోము?"

పొగపైపు ఇంకా సెగలు కక్కుతోంది. అమ్మన్న ముట్టుకోబోయి చెయ్యి లాక్కున్నాడు. అటూ ఇటూ చూశాడు. మూలన బక్కెట్టులో నీళ్లున్నాయి. ఎత్తి పొయ్యబోయాడు.

"ఒరే!" గుమ్మంలోంచి బంగార్రాజు కేకకి రేకులు అదిరాయి. "పోత ఇనుంరా అది! నీళ్లు పోస్తే గాజుగిన్నెలా పగుల్తాది. దించు. దించీ!"

అమ్మన్న బక్కెట్టు దించాడు. ఏడేళ్ల తర్వాత బంగార్రాజు ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ తెలియనట్టే ఉన్నారు.

"గోనెసంచి చేతులకి చుట్టుకో. ముందు చిల్లు ఎక్కడో చూడాలి. మసి ఎటు చిమ్మిందో చూడు."

ఆరో సిలిండరు దగ్గర, పైపు ఇంజనుకి అతుక్కునే చోట, వెండిరంగు మీద నల్లటి మసి విసనకర్రలా విచ్చుకుని ఉంది. లోపలి గాస్కెట్టు కాలి ఎగిరిపోయింది. బంగార్రాజు తల ఆడించాడు. "ఇది రోగం కాదు. రోగం ఇంకెక్కడో ఉంది. ఈ పైపు మూడు ముక్కలుండాలి. వాటి మధ్య జారుడు జాయింట్లుండాలి. వేడికి ఇనుం సాగుతాది. సాగినప్పుడు ఒకదాన్లోకి ఒకటి జారడానికి చోటుండాలి. ఆ చోటు లేకపోతే, అటు చివరో ఇటు చివరో పీకీసుకుంటాది. ఏదీ, ఆ రెండో జాయింటు మీద రంగు గీకు."

అమ్మన్న చెయ్యి కదల్లేదు.

"గీకరా!"

పానా అంచుతో గీకాడు. వెండిరంగు పొరలు పొరలుగా రాలింది. కింద, పైపు చుట్టూతా, గేదె మెడలో పలుపులాగా లావాటి వెల్డింగు.

పైన పటారం, లోన లొటారం.

"ఎవడా తెలివైనోడు?" అన్నాడు బంగార్రాజు.

గుమ్మం దగ్గర ప్రసూన నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో.

పదిరోజుల కిందట ఆ జాయింటు దగ్గర కొంచెం మసి కారుతోందని ఆ పిల్లే చూపించింది. "ఓస్ అదెంత!" అన్నాడు అమ్మన్న. ఆ పిల్ల ఊళ్లోకి వెళ్లిన రోజు చూసి, ఇళ్ల గేట్లు చేసే అతన్ని పిలిచి, చుట్టూ వెల్డింగు పెట్టించాడు. ఆ తర్వాత తనకి వచ్చిన ఒకే ఒక్క పని చేశాడు. అతుకు కనిపించకుండా రంగు వేశాడు. పదినిమిషాలు బరువు లేకుండా నడిపి చూపించాడు. "కొత్త ప్యాకింగు వేశాను, నీ మనవల కాలం దాకా ఢోకా లేదు," అన్నాడు.

"మావయ్యా, ప్యాకింగన్నావు గదా," అంది ప్రసూన.

"లేదమ్మా. పదిరోజుల కిందట మసి కారిందని వెల్డింగు పెట్టించీసాను. నాకు తెలీక."

తిట్టి ఉంటే పడేవాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి, అట్టముక్క తీసుకుని, మళ్లీ విసరడానికి వెళ్లిపోయింది.

"కొయ్యి," అన్నాడు బంగార్రాజు.

గ్రైండరు ఉంటే అయిదు నిమిషాల పని. గ్రైండరుకి కరెంటు కావాలి. పెట్టెలో ఒక సుత్తీ, ఒక ఉలీ, సగం విరిగిన హాక్సా బ్లేడూ ఉన్నాయి. బ్లేడుకి గుడ్డ చుట్టి అమ్మన్న కొయ్యడం మొదలుపెట్టాడు. కోస్తూ ఉంటే గోనెసంచిలోంచి సెగ తగిలి అరచెయ్యి బొబ్బలెక్కింది. ఒక బొబ్బ చితికింది. చేతులు మార్చాడు. చెమట కళ్లలోకి దిగింది. వెనకాల బంగార్రాజు చేతులు రెండూ నడుం వెనక కట్టుకుని, వేళ్లు వేళ్లలో బిగించి నిలబడ్డాడు. ఆ వేళ్లు తెల్లబడిపోయాయి. ముప్ఫయ్యేళ్లు చేసిన పని కళ్ల ముందు వంకరగా జరుగుతుంటే ముట్టుకోకుండా ఉండడం, ఆకలి మీదున్నవాడు ఎదురాకులో ముద్ద చూస్తూ కూర్చోవడంలాంటిది.

"బ్లేడు పడుకోబెట్టకురా! నిలబెట్టు! ఆ, అలాగ. కుంచె కాదు అది, బరికీడానికి."

గోడకి అవతల చిన్నతల్లి ఏడుస్తోంది. "అమ్మా, మూడోదాంట్లో చప్పుడు తగ్గిపోయింది."

ఇరవయ్యో రోజు పిల్ల పెంకు లోపలే కిచకిచమంటుంది. ఆ చప్పుడు అది.

అమ్మన్న ఉలి పెట్టి కొట్టాడు. కొట్టాడు. కొట్టాడు. పన్నెండున్నరకి వెల్డింగు చుట్టూ తెగింది. కిరసనాయిలు పోసి, కర్రముక్క అడ్డుపెట్టి సుత్తితో తట్టినా పైపు జారలేదు. లోపల మసి గట్టిపడిపోయింది. అమ్మన్న పైపుని వాటేసుకుని లాగాడు. కదల్లేదు. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"దేవుడా, నన్ను తీసుకుపో, వాట్నొదిలీ," అన్నాడు, ఎవరికీ వినిపించకుండా.

బంగార్రాజుకి వినిపించింది. ఒక్క అడుగు ముందుకేసి, చేతులు వెనక్కి అలాగే కట్టుకుని, పైపు రెండో చివర కింద భుజం ఆనించాడు. "భుజం పనిముట్టు కాదు. లాగు!"

చొక్కా భుజం దగ్గర పర్రున చిరిగింది. పైపు కిర్రుమని, గోరంత, తర్వాత వేలంత, జారింది.

గాస్కెట్టు కత్తిరించాలి. బంగార్రాజు చెప్పినట్టే అమ్మన్న షీటుని ఇంజను మొహం మీద ఆనించి, చిన్న సుత్తితో అంచుల వెంట తట్టాడు. రంధ్రాల అచ్చు షీటు మీద పడింది. ప్రసూన గుడ్డలు కుట్టుకునే కత్తెర తీసుకున్నాడు. తీసుకుని ఆగాడు.

"ఏటయింది?"

"బావా, నంబర్లు రాయడానికి రేకులో అచ్చులు కత్తిరించీవోణ్ని. కత్తిరించడం నా పనే. ఇది తప్పులోకి వస్తాది."

ఈ ఒక్కదానికి బంగార్రాజు దగ్గర దారి లేదు.

అమ్మన్న కళ్లు మూసుకుని దండం పెట్టి, కత్తిరించాడు. అంతవరకూ చచ్చుబడి ఉన్న చెయ్యి ఒక్కసారి బతికింది. కత్తెర నీళ్లలో చేపలా తిరిగింది. గుండ్రం గుండ్రంగా, మూల మూలగా. బొబ్బలు చితికి షీటుకి నెత్తురంటింది గానీ అంచు వెంట్రుకవాసి తప్పలేదు. బంగార్రాజు వంగి చూశాడు. తలాడించి, "పెట్టు," అన్నాడు.

"ముందు మధ్య నట్టు. సగం చుట్టు. ఇప్పుడు దాని ఎదురుది. సగమే! మళ్లీ మొదటిది. ఒక్కదాన్నే కరిచి పెట్టుకుంటే రెండోవైపు నోరు తెరుస్తాది. అందర్నీ సమంగా బుజ్జగించు."

ఒంటిగంటా పదికి ఇంజను స్టార్టు చేశారు. బంగార్రాజు వెలిగించిన అగరువత్తి ఒకటి తెప్పించుకుని, ప్రతి జాయింటు పక్కనా పట్టుకున్నాడు. ఆరో సిలిండరు దగ్గర పొగ నిలువుగా లేచింది. చిల్లు లేదు. రెండో జాయింటు దగ్గర మాత్రం అగరుపొగ వణికింది. సన్నటి మసి కారింది.

"కారతంది! బావా, కారతంది!" అమ్మన్న పానా ఎత్తాడు.

"దించు. ముట్టకు. అది అంతే. చల్లగా ఉన్నప్పుడు ఏడుస్తాది, వేడెక్కితే మూసుకుంటాది. పదిరోజుల కిందట కూడా అది చేసింది అదే. జబ్బు కాదు."

ఒక్కో మిషనూ కలిపారు. మొదటిది. ఇంజను ఒకసారి మూలిగి, టర్బో ఈల అందుకుంది. రెండోది. లైట్లు ఒక్క క్షణం ఎర్రబడి తెల్లబడ్డాయి. మూడోది. అమ్మన్న గోడకి ఆనుకుని ఆ జాయింటునే చూస్తున్నాడు. మసి సన్నగిల్లింది. ఇంకా సన్నగిల్లింది. ఆగింది.

"చల్లారాక మళ్లీ ఓ సుట్టు నట్లన్నీ చూడాలి," అన్నాడు బంగార్రాజు. "రేపు పొద్దున్న నా పానాలు తెచ్చుకుని వస్తాను. అందాకా దీని దగ్గర్నుంచి కదలకు." చిరిగిన చొక్కా భుజం తడుముకుంటూ వెళ్లిపోయాడు.

గుడ్ల గదిలో ప్రసూన ఒక్కో మిషను ముందూ కూర్చుని ట్రేల మీద చెవి పెట్టి వింటోంది. మొదటి దానిలో కిచకిచలు. ఒక గుడ్డు పెంకు మీద నెరియ కూడా విచ్చింది. రెండోదానిలో తక్కువగా ఉంది, కానీ ఉంది. మూడోదాని ముందు చాలాసేపు కూర్చుంది. ఒక గుడ్డు తీసింది, వింది, పెట్టింది. ఇంకోటి తీసింది. కింది ట్రే లాగింది. దానికింది ట్రే లాగింది.

అమ్మన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇందులో లేవు మావయ్యా," అంది ప్రసూన. తలెత్తలేదు. "ఒక్కటీ లేదు."

ఇంజను గోడకి అవతల నిండు గొంతుతో నడుస్తోంది.

"పొగ వచ్చిన వెంటనే వెల్డింగు సంగతి చెప్పీసుంటే, గంట ముందే కోసీవోళ్లం గదా."

"అవునమ్మా."

ప్రసూన లేచి, మూడో మిషను పై ట్రే ఊడదీసి ఆయన చేతుల్లో పెట్టింది. ఇవి వేడికి మురిగి మిగతావాటిని పాడుచెయ్యకముందే బయటికి పంపాలి. వెనకాల గొయ్యి ఉంది. ట్రే బరువు బొబ్బల మీద పడింది. అమ్మన్న పట్టుకుని నడిచాడు.

గొయ్యి దగ్గర చిన్నతల్లి పార పట్టుకుని ఉంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "ఏటైపోయింది బాబూ? అంత బాగా నడిచిన మిషను, ఒక్కసారి అలా ఎలాగైపోయింది?"

కథ నోటిదాకా వచ్చేసింది. పిలవకుండానే వచ్చేసింది. రాత్రి పిడుగు, ఆ పిడుగు తీగ మీంచి జనరేటరులోకి దూరడం, ఇనుం ఎర్రగా కాగి నీరైపోవడం. ఇంకొక్క క్షణం ఆగితే పిడుగు వెనకాల ఏదో ఒక మృగం కూడా వచ్చేది.

"పైపు కదలకుండా నాను వెల్డింగు పెట్టించీసాను చిన్నతల్లీ," అన్నాడు. "అందుకు పోయాయి."

ట్రే గొయ్యి పక్కన దించి, రెండోది తేవడానికి వెనక్కి వెళ్లాడు.